రిలేషనల్ డేటాబేస్ పితామహుడు ఎడ్గార్ కాడ్

ప్రతి సంవత్సరం మన సాంఘిక సంక్షేమ వసతి గృహం వార్షికోత్సవ సంచికలో డాక్టర్ అంబేద్కర్, మహాత్మా ఫూలే, సావిత్రీబాయి వంటి మహనీయుల జీవితాలు చదువుతూ పెరిగాము. ఈసారి ఒక శాస్త్రవేత్త గురించి రాయమని సంపాదక వర్గం వారు అడిగినప్పుడు మాకు వెంటనే తట్టిన పేరు ఎడ్గార్ ఫ్రాంక్ కాడ్. తమ్ముళ్లలో చాలామంది ఈ పేరు విని ఉండరు. కానీ కంప్యూటర్‌లో మన పేరు ఒక పట్టికలో, ఒక వరుసలో, ఒక నెంబరుతో నిలబడిన చోటల్లా చాలావరకు ఈయన ఆలోచనే పని చేస్తోంది.

ఈయననే ఎందుకు ఎంచుకున్నామో ముందుగా చెప్పుకోవాలి. ఇంటర్ చదివే రోజుల్లో మాలో ఒకరికి స్కాలర్‌షిప్ రాలేదు. అదే ఇంటిపేరు, అదే పేరు, తండ్రి పేరు కూడా అదే ఉన్న మరొక విద్యార్థి పక్క మండలంలో ఉన్నాడు. ఒక కార్యాలయంలో జాబితా తయారు చేసినవారు రెండు వరుసలూ ఒకరివే అనుకొని ఒకటి కొట్టేశారు. ఆ కొట్టివేత సరిచేయించుకోవడానికి ఏడు నెలలు తిరిగాము. చేపల చెరువు మీద కాపలా ఉండే నాన్న నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఫీజు కట్టారు. అప్పుడు అది మా తలరాత అనుకున్నాము. ఎం.సి.ఎ.లో చేరి డేటాబేస్ పాఠం విన్న రోజున, ఆ జాబితాకు ప్రైమరీ కీ లేకపోవడమే అసలు తప్పు అని తెలిసింది. ఆ పాఠానికి మూలపురుషుడు కాడ్.

బాల్యం, విద్య

కాడ్ 1923 ఆగస్టు 19న ఇంగ్లండు దక్షిణ తీరంలోని పోర్ట్‌లాండ్ ద్వీపంలో, ఫార్చూన్స్‌వెల్ అనే ఊరిలో జన్మించారు. ఏడుగురు సంతానంలో ఆఖరివాడు. తండ్రి తోలు వస్తువుల తయారీదారు, తల్లి బడి పంతులమ్మ. పూల్ గ్రామర్ స్కూల్లో చదివి, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని ఎక్సెటర్ కళాశాలలో గణితం, రసాయన శాస్త్రం తీసుకున్నారు.

ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. విద్యార్థి కనుక సైన్యంలో చేరడం వాయిదా వేసుకునే అవకాశం ఆయనకు ఉంది. అయినా తనంతట తానుగా బ్రిటిష్ వైమానిక దళంలో చేరి, తీర రక్షణ విభాగంలో సండర్లాండ్ విమానాలు నడిపారు. అవి నీటి మీద దిగే పెద్ద పడవ విమానాలు. తాడేపల్లిగూడెం దగ్గర ఆ యుద్ధకాలంలో బ్రిటిష్ వారు వేసిన రన్‌వేను మనలో చాలామంది చూశారు. సండర్లాండ్‌కు అటువంటి రన్‌వే అక్కరలేదు, మన కొల్లేరు వంటి నీళ్లు చాలు.

యుద్ధం ముగిశాక చదువు పూర్తి చేసి 1948లో పట్టా పుచ్చుకొని అమెరికా వెళ్లారు. ఆక్స్‌ఫర్డ్ పట్టా చేతిలో ఉన్నా న్యూయార్క్‌లో మొదట దొరికింది మేసీస్ అనే పెద్ద దుకాణంలో మగవారి దుస్తులు అమ్మే పని. తరువాత టెనెసీ విశ్వవిద్యాలయంలో కొద్ది నెలలు గణితం బోధించి, 1949లో ఐ.బి.ఎం. సంస్థలో ప్రోగ్రాములు రాసే గణితవేత్తగా చేరారు. డిగ్రీ పట్టుకొని బట్టల షాపులో నిలబడ్డామే అని బాధపడే మన అన్నయ్యలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1953లో అమెరికాలో సెనేటర్ మెకార్తీ కమ్యూనిస్టుల వేట పేరుతో మనుషుల మీద అనుమానాల ముద్ర వేస్తున్న తీరు నచ్చక కాడ్ కెనడాలోని ఒటావాకు వెళ్లిపోయారు. 1957లో తిరిగి వచ్చి ఐ.బి.ఎం.లోనే స్ట్రెచ్ అనే పెద్ద కంప్యూటర్ మీద పనిచేశారు. ఒకే యంత్రంలో అనేక ప్రోగ్రాములు ఒకేసారి నడిచే పద్ధతిని అక్కడ రూపొందించారు. ముప్పై ఎనిమిదో ఏట మళ్లీ విద్యార్థిగా మారి మిచిగన్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1965లో డాక్టరేట్ అందుకున్నారు. ఆ తరువాత కాలిఫోర్నియాలోని శాన్ హోజేలో ఉన్న ఐ.బి.ఎం. పరిశోధనాలయానికి వెళ్లారు. ఆయన్ను చరిత్రలో నిలిపిన పని అక్కడే జరిగింది.

ఆనాటి కష్టం

కాడ్ చేసిన మేలు తెలియాలంటే అంతకు ముందు సంగతి తెలియాలి. 1960లలో సమాచారాన్ని కంప్యూటర్‌లో చెట్టు కొమ్మల్లాగా, లేదా వలలాగా అల్లి దాచేవారు. ఐ.బి.ఎం. వారి ఐ.ఎం.ఎస్. మొదటి రకం. అది అపోలో చంద్రయాత్ర పనుల కోసం పుట్టింది. చార్లెస్ బాక్‌మన్ తయారు చేసిన ఐ.డి.ఎస్. రెండవ రకం. రెండూ గట్టి పనిమంతులు చేసినవే. అయితే ఒక చిక్కు ఉంది. ప్రోగ్రాము రాసేవారికి సమాచారం ఏ దారిన దొరుకుతుందో అడుగడుగునా తెలిసి ఉండాలి.

దీనిని మన ప్రాంతం ఉదాహరణతో చెప్పుకుందాం. కొల్లేటిలోని ఒక లంక గ్రామానికి దోనె మీద వెళ్లాలి. ఏ కాలువలో దిగాలి, ఏ గట్టు పక్కన తిరగాలి, ఎక్కడ కిక్కిస దాటాలి అన్నది మనమే కాగితం మీద రాసి ఇచ్చామనుకోండి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చేపల చెరువుల గట్లు కొట్టేశారు. గట్టు పోయిన మరుసటి రోజు మన కాగితం ఎందుకూ పనికిరాదు. ఊరు అక్కడే ఉంది, దారి మాత్రం మారింది. ఆనాటి ప్రోగ్రాముల గతి సరిగ్గా ఇదే. సమాచారం అమరిక కొంచెం మార్చినా పాత ప్రోగ్రాములన్నీ తిరగరాయాలి.

కాడ్ 1969లో ఐ.బి.ఎం. లోపలి నివేదికగా, 1970 జూన్‌లో కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఎ.సి.ఎం. అనే పత్రికలో వ్యాసంగా ఒక ప్రతిపాదన చేశారు. ఆ వ్యాసంలో ప్రోగ్రాములు మూడు విషయాలకు బానిసలై ఉన్నాయని చూపించారు. వరుసలు ఉంచిన క్రమం మొదటిది, ఇండెక్సులు రెండవది, నడిచే దారి మూడవది. ఈ మూడింటి నుంచి ప్రోగ్రామును విడిపించాలన్నారు. గణితంలోని సమితుల శాస్త్రం, తర్కం ఆధారంగా సమాచారాన్నంతటినీ సాదా పట్టికలుగా చూపించాలన్నారు. మనకు ఏ ఊరు కావాలో చెబితే చాలు, దారి వెతికే పని దోనె నడిపేవాడిది. ఇక్కడ ఆ దోనె నడిపేవాడు డేటాబేస్ సాఫ్ట్‌వేర్.

పట్టికలో ఏముంది?

పట్టిక అంటే మన హాస్టల్ అడ్మిషన్ రిజిస్టరు వంటిదే. అడ్డంగా ఒక్కో వరుస ఒక్కో విద్యార్థి. నిలువుగా ఒక్కో గడి పేరు, తరగతి, ఊరు. అయితే కాడ్ దీనికి కఠినమైన నియమాలు పెట్టారు. ప్రతి వరుసనూ మరొక వరుసతో కలవకుండా గుర్తించే కీ ఉండాలి. పేరు కీ కాలేదు. ఇద్దరికి ఒకే పేరు ఉండవచ్చునని మాకు అనుభవపూర్వకంగా తెలుసు. అడ్మిషన్ నెంబరు కీ కాగలదు.

రెండవది, ఒక సంగతిని ఒకే చోట రాయాలి. దీనికి నార్మలైజేషన్ అని పేరు. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు కైకలూరు, మండవల్లి మండలాలు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు వచ్చాయి. తాడేపల్లిగూడెం మాత్రం పశ్చిమ గోదావరిలోనే ఉంది. ప్రతి విద్యార్థి వరుసలోనూ జిల్లా పేరు రాసి పెట్టుకున్నవారు వందల వరుసలు దిద్దుకోవాలి. వాటిలో పది మరిచిపోతే ఆ పది మందికీ తిప్పలే. విద్యార్థి వరుసలో మండలం మాత్రమే రాసి, ఏ మండలం ఏ జిల్లాదో వేరే పట్టికలో ఉంచుకున్నవారు మండలానికి ఒక్క గడి చొప్పున దిద్దితే సరిపోతుంది.

మూడవది, తెలియని సంగతి. తండ్రి ఆదాయం గడి ఖాళీగా ఉంటే అర్థం ఏమిటి? ఆదాయం సున్నా అని కాదు, ఇంకా తెలియదని. తెలియకపోవడం వేరు, లేకపోవడం వేరు. దీనికి నల్ అనే గుర్తును అన్ని చోట్లా ఒకే పద్ధతిలో వాడాలని కాడ్ పట్టుబట్టారు. దీనిపై పండితుల మధ్య చర్చ ఇప్పటికీ సాగుతూనే ఉంది. ధ్రువపత్రం ఇంకా చేతికి రాని విద్యార్థిని అనర్హుడని లెక్కగట్టే చోట ఈ తేడా ఎంత పెద్దదో మనకు చెప్పనక్కరలేదు.

సొంత ఇంట్లో ఎదురుగాలి

ఇంత మంచి ఆలోచనను ఐ.బి.ఎం. వెంటనే నెత్తిన పెట్టుకోలేదు. ఐ.ఎం.ఎస్. అప్పటికే సంస్థకు బాగా డబ్బు తెస్తోంది. దానికి పోటీ వచ్చే సరుకు తామే ఎందుకు చేయాలని పెద్దలు వెనుకాడారు. దారి వెతికే పని యంత్రానికి అప్పగిస్తే పని నెమ్మదిస్తుందని నిపుణులు వాదించారు. 1974లో ఆన్ ఆర్బర్‌లో జరిగిన సభలో కాడ్‌కూ బాక్‌మన్‌కూ మధ్య పెద్ద చర్చే జరిగింది. కాడ్ వెనక్కి తగ్గలేదు. సంస్థ ఖాతాదారులకే నేరుగా తన పద్ధతిని వివరించారు. వారు అడగడం మొదలుపెట్టాక సంస్థ కదిలింది.

1970ల మధ్యలో శాన్ హోజేలో సిస్టమ్ ఆర్ అనే పరిశోధన ప్రాజెక్టు నడిచింది. అందులో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ కలిసి 1974లో సీక్వెల్ అనే భాషను వెలువరించారు. ఆ పేరు మీద మరొక సంస్థకు హక్కు ఉండడంతో తరువాత ఎస్.క్యూ.ఎల్. అయింది. బాయిస్ ఆ 1974లోనే చిన్న వయసులో కన్నుమూశారు. బాయిస్-కాడ్ నార్మల్ ఫారం అని పరీక్షలో రాసేటప్పుడు ఆ యువకుడినీ తలచుకోవాలి. దారి వెతికే పని యంత్రం చేయలేదన్న వాదనకు అదే ప్రాజెక్టులోని పట్రీషియా సెలింగర్ బృందం 1979లో జవాబు చెప్పింది. ఏ దారి తక్కువ ఖర్చో లెక్కగట్టి ఎంచుకునే ఆప్టిమైజర్‌ను వారు చేసి చూపించారు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఇంగ్రెస్ అనే మరొక ప్రయత్నమూ సాగింది.

ఐ.బి.ఎం. తాత్సారం చేస్తుండగా, వారి పరిశోధన పత్రాలు చదివిన ఒక చిన్న కంపెనీ 1979లో ఒరాకిల్ పేరుతో ఎస్.క్యూ.ఎల్. డేటాబేస్‌ను మార్కెట్లో పెట్టింది. ఐ.బి.ఎం. వారిది 1981లో ఎస్.క్యూ.ఎల్./డి.ఎస్.గా, 1983లో డి.బి.2గా వచ్చింది. కాడ్ ప్రతిపాదించిన ఆల్ఫా అనే భాషను సంస్థ తీసుకోలేదు. ఎస్.క్యూ.ఎల్.లో తన నియమాలకు గండి పడిన చోట్ల గురించి ఆయన చివరివరకు విమర్శిస్తూనే ఉన్నారు. 1981లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు ఆయనకు లభించింది. అన్ని కంపెనీలూ తమ సరుకును రిలేషనల్ అని పిలుచుకోవడం మొదలుపెట్టాక, 1985లో నిజమైన రిలేషనల్ డేటాబేస్‌కు ఉండవలసిన నియమాలను ప్రకటించారు. పన్నెండు నియమాలని పేరు గానీ సున్నా నుంచి లెక్కపెడితే పదమూడు.

మా మినీ ప్రాజెక్టులో కాడ్

ఇప్పుడు తమ్ముళ్లకు పనికివచ్చే సంగతి. పి.జి.లో మేము జావా ప్రోగ్రామును మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో కలిపి హాస్టల్ మెస్ హాజరు లెక్క తయారు చేశాము. ప్రోగ్రాము ఒక చోట, డేటా ఒక చోట. ఒకదాని భాష మరొకదానికి రాదు. మధ్యలో డ్రైవర్ అనే ద్విభాషి ఉండాలి. 1990లలో వచ్చిన ఓ.డి.బి.సి., జె.డి.బి.సి. అనే ఒప్పందాల పుణ్యమా అని ఏ కంపెనీ డేటాబేస్ అయినా ప్రోగ్రాము దాదాపు ఒకే తీరుగా మాట్లాడగలుగుతుంది. డ్రైవర్‌కు నాలుగు సంగతులు ఇవ్వాలి. ఏ యంత్రం, ఏ పోర్టు, ఏ డేటాబేస్, ఏ యూజరు పేరూ పాస్‌వర్డూ. మైఎస్‌క్యూఎల్‌కు మామూలుగా పోర్టు 3306. తలుపు తెరుచుకున్నాక ఎస్.క్యూ.ఎల్.లో అడగాలి, వచ్చిన వరుసలు చదువుకోవాలి, తలుపు మూసి రావాలి.

ఇది రాసినంత తేలికగా జరగలేదు. మొదటి రోజంతా కనెక్షన్ నిరాకరించబడిందనే మాటే తెర మీద కనిపించింది. ప్రోగ్రామును పదిసార్లు దిద్దాము. చివరికి చూస్తే డేటాబేస్ సర్వీసునే ఆన్ చేయలేదు. రెండవ వారంలో తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారాయి. పట్టికకూ కనెక్షన్‌కూ రెండింటికీ యూనికోడ్ అమరిక పెట్టాక మన పేర్లు మన అక్షరాల్లో కనిపించాయి. ఆ క్షణం కలిగిన సంతోషం చెప్పలేము. మూడవసారి సాయంత్రమయ్యేసరికి ప్రోగ్రాము ఆగిపోయేది. ప్రతి హాజరుకూ ఒక కనెక్షన్ తెరుస్తూ ఒక్కటీ మూయలేదు. మైఎస్‌క్యూఎల్ మామూలుగా ఒకేసారి అనుమతించే కనెక్షన్లు 151. మనం మూయకపోతే తరువాతివాడికి చోటు ఉండదు.

ఇంకొక తప్పు ప్రమాదకరమైనది. విద్యార్థి టైపు చేసిన మాటను నేరుగా ఎస్.క్యూ.ఎల్. వాక్యంలో అతికించాము. అలా చేస్తే టైపు చేసినవాడు పేరుకు బదులు ఒక ఆజ్ఞ రాసి పట్టికనే చెరిపివేయగలడని మా సీనియర్ అన్న చూపించారు. వాక్యంలో ఖాళీ గుర్తులు పెట్టి, విలువలను విడిగా అందించే పద్ధతికి మారాము. అప్పుడు టైపు చేసింది ఏదైనా అది పేరుగానే ఉంటుంది, ఆజ్ఞగా మారదు. పాస్‌వర్డును కూడా ప్రోగ్రాము లోపల రాయకుండా వేరే ఫైలులో పెట్టాము.

అన్నిటికంటే పెద్ద పాఠం చివర్లో వచ్చింది. వార్డెన్ గారు విద్యార్థుల రక్తం గ్రూపు కూడా పట్టికలో చేర్చమన్నారు. మధ్యలో ఒక గడి చేర్చాము. మా మూడు ప్రోగ్రాముల్లో రెండు ఏమీ జరగనట్టే నడిచాయి. మూడవది మాత్రం తరగతి చూపించవలసిన చోట రక్తం గ్రూపు చూపించింది. ఎందుకంటే మొదటి రెండింటిలో గడిని పేరుతో అడిగాము. మూడవదానిలో నాలుగవ గడి ఇవ్వమని స్థానంతో అడిగాము. వాడుకరి గడులను స్థానంతో కాక పేరుతో గుర్తించాలని కాడ్ 1970 వ్యాసంలోనే రాశారు. అర్ధశతాబ్దం క్రితం ఆయన చెప్పిన తప్పునే మేము మళ్లీ చేశాము. దారి చెప్పకుండా ఊరు చెప్పాలన్న మాట ఆ రోజు మాకు నిజంగా అర్థమైంది.

చివరి రోజులు

1980ల మధ్యలో ఐ.బి.ఎం. నుంచి బయటికి వచ్చి, సహచరుడు క్రిస్ డేట్‌తో కలిసి సలహా సంస్థ నడిపారు. 2003 ఏప్రిల్ 18న ఫ్లోరిడాలోని విలియమ్స్ ఐలాండ్‌లో గుండె జబ్బుతో, డెబ్బై తొమ్మిదో ఏట కాడ్ మరణించారు. 2004లో ఎ.సి.ఎం. వారి సిగ్‌మాడ్ సంఘం తన పరిశోధన పురస్కారానికి ఆయన పేరు పెట్టింది.

ఆయన కన్నుమూసే నాటికి మన రాష్ట్రంలో కంప్యూటర్ రికార్డులు అప్పుడప్పుడే వేళ్లూనుకుంటున్నాయి. 1998 నవంబరులో కార్డ్ పథకంతో భూముల రిజిస్ట్రేషన్ కంప్యూటర్లోకి వచ్చింది. 2002లో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో స్వయం సహాయక సంఘాల మహిళలు నడిపిన ఈ-సేవ కేంద్రాలు మండలాల్లో తెరుచుకున్నాయి. అప్పటివరకు పుస్తకంలో వెతికిన పేరును తెర మీద వెతకడం అలవాటైంది. పేరు తెర మీద లేకపోతే మనిషే లేనట్టు చూసే రోజులు కూడా అప్పుడే మొదలయ్యాయి.

అందుకే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మనవి. కంప్యూటర్ చెప్పింది కనుక అది నిజం అనుకోకండి. మీ పేరు జాబితాలో లేదని ఎవరైనా అంటే మిమ్మల్ని ఏ నెంబరుతో వెతికారో అడగండి. ఖాళీగా ఉన్న గడిని లేదు అని చదివారా, తెలియదు అని చదివారా అడగండి. ఇలా అడగడానికి ఇంజనీరింగ్ చదవనక్కరలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివినవారు మాకు ముందు ఎవరూ లేరు. ఆ ఏడు నెలలూ ఏమి అడగాలో తెలియకే తిరిగాము. రేపు ఆ జాబితాలు తయారు చేసే కుర్చీల్లో మీలో కొందరు కూర్చుంటారు. అప్పుడు మొదటి గడిలో కీ పెట్టడం మరిచిపోకండి.

వేసవి సెలవుల్లో ప్రతి శనివారం సాయంత్రం మన హాస్టల్ కంప్యూటర్ గదిలో ఉంటాము. ఆసక్తి ఉన్నవారు ఒక నోటు పుస్తకం తెచ్చుకుంటే, మెస్ హాజరు పట్టికతోనే మొదలుపెట్టి ప్రోగ్రామును డేటాబేస్‌తో కలపడం నేర్పిస్తాము. సర్వీసు ఆన్ చేశారో లేదో ముందుగా చూసుకుందాం.

- వసతి గృహ పూర్వ విద్యార్థి, ఎం.సి.ఎ.